పండిత నైన్‌సింగ్ రావత్ : టిబెట్టు పథమున పాదగణనము

అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరాఖ్యుడు సిద్ధుడొసగిన పాదలేపము బలమున హిమవంతమును చేరెను. మంచునీట లేపము కరగిపోగా తిరుగుత్రోవ యెరుగక చిక్కువడెను. ప్రబంధదృష్టితో పఠించువారు వరూధినీ ప్రవరుల సంవాదమునకు త్వరపడుదురు గాని, ఆ ఘట్టమున నొక పథికధర్మము కూడ ఇమిడియున్నది. తన పాదములతో కొలిచి పోని దారి తిరిగివచ్చునప్పుడు తనది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అదే హిమవంతమును దాటి, ఆవలనున్న టిబెట్టు దేశమున వేల మైళ్లు నడచి, వేసిన ప్రతి అంగను లెక్కించి తిరిగివచ్చిన పండితుడొకడు కలడు. అతడు నైన్‌సింగ్ రావత్. భూగోళశాస్త్రచరిత్రమున అతని పేరు ప్రసిద్ధమైనదే అయినను, అతడు చేసిన పని యెట్టిదో, ఏ సాధనములతో ఎట్లు చేసెనో వివరముగా తెలిసినవారు తక్కువ.

నైన్‌సింగ్ 1830లో కుమావూను ప్రాంతమున జోహార్ లోయయందలి మిలం గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు ఉత్తరాఖండ రాష్ట్రమున పిథోరాగఢ్ జిల్లాలో చేరియున్నది. అతడు పుట్టిన సంవత్సరముననే మే నెల 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసునుండి కాశీయాత్రకు బయలుదేరి, మజిలీ మజిలీకి ఊరి వివరములను, దారి స్వభావమును దినచర్యగా వ్రాసికొనుచు పోయెను. వీరాస్వామయ్య పల్లకిలో పరివారముతో బహిరంగముగా పోయి వ్రాసినది ఒక విధమైన మార్గవిజ్ఞానము. నైన్‌సింగ్ ఒంటరిగా, రహస్యముగా నడచి సంపాదించినది మరియొక విధమైనది. రెండింటికిని మూలము మాత్రము దారిపై నిలిపిన ఏకాగ్రతయే.

నైన్‌సింగ్ తండ్రి పేరు అమర్‌సింగ్. వారిది భోటియా కుటుంబము. జోహార్ లోయ భోటియాలు వేసవిలో మంచు కరగగానే కనుమలు దాటి టిబెట్టునకు ధాన్యము, వస్త్రములు కొనిపోయి, అచ్చటినుండి ఉప్పు, ఉన్ని, వెలిగారము తెచ్చి అమ్ముచు జీవించెడివారు. మైదానవాసులకు ప్రవేశము లేని దేశమున వారికి మాత్రము వర్తకపుదారులు తెరచియుండెను. అందుచేత టిబెట్టు భాష, ఆచారములు, మర్యాదలు నైన్‌సింగునకు చిన్ననాటనే అబ్బినవి. ఈ జన్మలబ్ధమైన పరిచయము లేకున్నచో తరువాతి శిక్షణ యెంతయున్నను నిష్ప్రయోజనమై యుండెడిది.

1855లో జర్మను సోదరులగు ష్లాగిన్‌ట్‌వైట్‌లు హిమాలయపరిశోధనకై వచ్చినప్పుడు నైన్‌సింగ్, అతని జ్ఞాతి మణిసింగ్ వారి కొలువున చేరిరి. వారితో మానససరోవరప్రాంతమునకును, లడఖునకును పోయి రెండు సంవత్సరములు తిరిగిరి. దిక్సూచిని, ఉష్ణమాపకమును పట్టుట నైన్‌సింగ్ నేర్చినది అప్పుడే. ఆ సోదరులు అతనిని ఐరోపాకు తోడ్కొనిపోవ నుద్దేశించిరి గాని, స్వదేశమును విడుచుటకు మనసొప్పక అతడు వెనుదిరిగెను. మిలం గ్రామమున ప్రభుత్వపాఠశాలకు ఉపాధ్యాయుడయ్యెను. పండిత శబ్దము అతని పేరికి ముందు చేరినది ఈ ఉపాధ్యాయవృత్తివలననే గాని శాస్త్రపాండిత్యమువలన గాదు. బడిపంతులును పండితుడనుట ఆ ప్రాంతపు వాడుక. తరువాత ఈ పదమే సర్వే శాఖలో నొక ఉద్యోగనామమువలె వ్యాపించి, మహమ్మదీయులకు, బౌద్ధులకు కూడ అన్వయింపబడుట శబ్దార్థవిపరిణామమును పరిశీలించువారు గమనింపదగిన విషయము.

మహా త్రికోణమితీయ సర్వే అప్పటికి అరువది సంవత్సరములుగా సాగుచుండెను. 1802లో మద్రాసు చెంత పరంగిమల సమీపమున విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలిచి ఆ కార్యము నారంభించెను. తెలుగుదేశపు అడవులు దానికి సులభముగా దారియీయలేదు. లాంబ్టనునకు సహాయుడుగా వచ్చిన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరీ మధ్యారణ్యములందు 1819లో పరివారముతో కూడ జ్వరపీడితుడై, ఆరోగ్యార్థము దేశము విడిచి కొంతకాలము పోవలసి వచ్చెను. అయినను ఆ త్రికోణములు ఒకదానిపై నొకటి పేరుకొనుచు హిమాలయపాదమును చేరినవి. అచ్చట నిలిచిపోయినవి. త్రికోణమితికి గోపురములు, శిఖరములు, పలువురు మోయదగిన కోణమాపకయంత్రములు, పదిమంది కంటబడు జెండాలు కావలెను. టిబెట్టులో విదేశీయులకు ప్రవేశమే నిషిద్ధము. దూరమునుండి శిఖరముల నెత్తులను లెక్కింపవచ్చును గాని, శిఖరముల వెనుకనున్న నదుల గతిని, నగరముల స్థానమును చూచుటకు సాధ్యము కాదు. పటముపై ఆ భాగము తెల్లగా మిగిలెను.

కెప్టెన్ థామస్ జార్జి మాంట్‌గొమెరీ ఈ చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టెను. ఆంగ్లేయులు పోలేని చోటికి స్వదేశీయుల నేల పంపరాదని అతని యాలోచన. 1863లో అబ్దుల్ హమీద్ అను మహమ్మదీయుని యార్కందునకు పంపగా అతడు పని నెరవేర్చి తిరిగి వచ్చునప్పుడు దారిలో మరణించెను. వ్రాసినవి మాత్రము దక్కెను. ఆ యేడే కుమావూను విద్యాశాఖాధికారి ఎడ్మండ్ స్మిత్ సిఫారసుతో నైన్‌సింగ్, మణిసింగ్‌లు దెహరాదూన్ చేరి శిక్షణ పొందసాగిరి.

శిక్షణయందు ప్రధానమైనది నడక. ఇచ్చట పరిభాషను గూర్చి ఒక మాట చెప్పుకొనవలెను. తెలుగున అడుగు అనునది నడచునప్పుడు వేయు పాదన్యాసమునకును, పండ్రెండంగుళముల కొలతకును చెల్లుచున్నందున సందేహము కలుగవచ్చును. కావున పాదన్యాసమునకు అంగ యనియే వాడుట మేలు. మైలునకు 63,360 అంగుళములు. నైన్‌సింగ్ అంగ 31½ అంగుళములకు కొంచెము పైగా ఉండునట్లు అలవరుపబడెను. అనగా మైలునకు సరిగా 2,000 అంగలు. సమతలమున ఇది కష్టము కాదు. ఎగువకు నడచువాని అంగ సహజముగా కురుచయగును. దిగువకు దిగువాని అంగ సాగును. అలసినవానిది, ఆకలిగొన్నవానిది, మంచులో దిగబడువానిది మారుచుండును. ఏ స్థితియందైనను ఒకే అంగ వేయుట సంకల్పబలముతో గాక శరీరమునకు అభ్యాసమై పోవలెను. తాళము తప్పక పాడు గాయకుని లయజ్ఞానమువంటిది అది. రెండు సంవత్సరముల సాధన అందులకు వ్యయమయ్యెను.

లెక్క తప్పకుండుటకు జపమాల కల్పింపబడెను. శాస్త్రోక్తమగు జపమాలకు నూటయెనిమిది పూసలు; నైన్‌సింగ్ మాలకు నూరే. ప్రతి పదవ పూస తక్కిన వానికంటె పెద్దది. నూరంగలకొక పూస జారవిడువవలెను. మాల ఒకమారు తిరిగినచో పదివేలంగలు, అనగా అయిదు మైళ్లు. చూచువారికి అది జపము. అటులనే బౌద్ధులు చేత త్రిప్పుకొను ప్రార్థనాచక్రములో మంత్రములు వ్రాసిన కాగితపుచుట్టకు బదులు ఖాళీకాగితములుండెను. వానిపై అంగల సంఖ్య, దిక్కులు, ఊళ్ల పేరులు వ్రాసికొనుట జరిగెడిది. చిన్న దిక్సూచి కూడ అందే దాగియుండెను. ఎవరైన సమీపించి ప్రశ్నింపబోవునంతలో నైన్‌సింగ్ చక్రము త్రిప్పుటకు మొదలుపెట్టెడివాడు. ప్రార్థనలో నున్నవానిని పలుకరించుట టిబెట్టు మర్యాద కానందున వచ్చినవారు తొలగిపోయెడివారు. సుంకపుటధికారులు మూటలు విప్పించి వెదకినను చక్రమును ముట్టెడివారు కారు.

దిక్సూచి సూది చూపునది అయస్కాంతోత్తరము గాని భూమి యొక్క నిజమగు ఉత్తరధ్రువము గాదు. ఆ భేదమును సవరింపక పటము వ్రాసినచో దారి యంతయు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. దారి మలుపు తిరిగినప్పుడెల్ల ఎదుటి గుర్తునకు, కొండకో మఠమునకో, దిక్కును గ్రహించి, అచ్చటికి అంగలు లెక్కించి, మరల దిక్కును గ్రహింపవలెను. ఇట్టి చిన్న చిన్న రేఖలన్నియు జోడింపగా మార్గరేఖ యేర్పడును. అయితే ఒక్కొక్క రేఖయందు దొరలిన స్వల్పదోషము తరువాతి రేఖకు సంక్రమించును. నూరు మైళ్లు పోవునప్పటికి పెరిగి పెద్దదగును. కాబట్టి అప్పుడప్పుడు ఆకాశము నాశ్రయించి దోషమును నిలుపవలసియుండును.

అందులకు సెక్స్టాంటు అను కోణమాపకము. సూర్యునియో నక్షత్రముయొక్కయో ఉన్నతిని క్షితిజమునుండి కొలిచినచో ఆ స్థలము యొక్క అక్షాంశము లెక్కకు వచ్చును. సముద్రముపై క్షితిజరేఖ స్పష్టముగా కనబడును. కొండల నడుమ కనబడదు. అందుచే ఒక పాత్రలో పాదరసము పోసి, దానియందు ప్రతిఫలించు నక్షత్రమునకును, ఆకాశమునందలి నక్షత్రమునకును నడుమనున్న కోణమును కొలిచి సగము చేయవలెను. పాదరసము గవ్వలలో దాచి తీసికొనిపోబడెను. పాత్రగా భిక్షాపాత్రయే ఉపకరించెను. సెక్స్టాంటు పెట్టె అడుగున రహస్యపు అరలో నుండెను. ఉష్ణమాపకము చేతికర్రలో నుండెను. వేసవి మధ్యాహ్నమున ఆ ప్రాంతమున సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చును. ఆ ఉన్నతిని రెట్టించు పద్ధతిలో సెక్స్టాంటు కొలువగల పరిమితిని అది మించిపోవును. కావున ఆ ఋతువున రాత్రి నక్షత్రములే శరణ్యములు. నలుగురు నిద్రించిన పిమ్మట, చలిలో, ఏ గోడచాటుననో ఈ పని జరుగవలసియుండెను. అతనికి మొదట నొక మంచి లాంతరుండెను. దానిపై మనసుపడిన అధికారులకు దానిని అమ్మక తప్పలేదు. ఆ తరువాత నూనెవత్తి వెలుగే గతియయ్యెను. గాలికి వత్తి నిలువని రాత్రులలో కోణమును పట్టి, యంత్రమును కదలకుండ భద్రపరచి, మరునాటి ఉదయమున అంకెలు చదివికొనెడివాడు.

ఎత్తును కనుగొనుటకు నీరు మరిగించుటయే సాధనము. సముద్రమట్టమున నీరు 212 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద మరుగును. పైకి పోవుకొలది వాయుపీడనము తగ్గుటచే ఇంకను తక్కువ వేడిమికే మరుగును. స్థూలముగా అయిదువందల అడుగులకు పైచిలుకు ఎత్తునకొక డిగ్రీ చొప్పున తగ్గును. తేనీరు కాచుకొను యాత్రికుడు కుండలో కర్ర ముంచినచో సందేహించు వారెవరు?

1865 జనవరిలో జ్ఞాతులిద్దరును దెహరాదూన్ విడిచి మార్చి 7వ తేదీన కాట్‌మండు చేరిరి. సరిహద్దు వద్ద అధికారులు పోనీయలేదు. మణిసింగ్ పశ్చిమ నేపాళమునకు మరలిపోయెను. నైన్‌సింగ్ వేషము మార్చి, లడఖీవలె జడ ధరించి, ఒక టిబెట్టు వర్తకుని నమ్మి అతనికి రూపాయలు అప్పిచ్చి వెంట బయలుదేరెను. వర్తకుడు సొమ్ము తీసికొని జాగుచేసెను. తుదకు కిరోంగ్ అధికారికి, తాను లాసాకు పోననియు, పోయినచో ప్రాణము తనది కాదనియు వ్రాసియిచ్చిన మీదట లోపలికి అనుమతి దొరికెను. ఆ పత్రముపై వ్రేసిన ముద్ర అతనిని లాసాలో కూడ వెంటాడెను. సెప్టెంబరులో త్రాదుం మఠమును చేరి, అస్వస్థుడనని నెపము పెట్టి ఆగి, కాశ్మీరమునుండి లాసాకు పోవు లడఖీ వర్తకుల బిడారు రాగానే దానితో కలిసెను.

బిడారుతో పోవుట రక్షణమే గాని అంగల లెక్కకు విఘ్నము. తోటివారు గుఱ్ఱములపై పోవుచు మాటాడుచుందురు; ఒకడు మాత్రము ప్రక్కగా నడచుచు మాల త్రిప్పుచు మౌనముగా నుండవలెను. భక్తుడను పేరు అతనికి అందుకు తోడ్పడెను. త్సాంగ్‌పో నదీతీరము ననుసరించి అక్టోబరు 29వ తేదీన షిగాట్సే చేరిరి. అచ్చటి తాషిల్‌హున్‌పో మఠమున పంచెన్ లామా దర్శనమునకు వర్తకులందరును పోవుచుండగా నైన్‌సింగునకు దిగులు పుట్టెను. ఆ లామా ఎదుటివాని హృదయములోని రహస్యములన్నియు గ్రహించునని ప్రతీతి. హృదయమున దాచిన రహస్యము ఇతనికి ఉన్నంత మరెవ్వరికి నుండును? తప్పించుకొన వీలు లేక పోయి చూడగా సింహాసనముపై పదునొకండేండ్ల బాలుడు కూర్చుండియుండెను. బాలుడు ఆశీర్వదించి, కుశలప్రశ్నలు వేసి పంపివేసెను. శాస్త్రీయసాధనములతో పోయిన వ్యక్తిలో కూడ పూర్వవిశ్వాసము ఎంత సజీవముగా నుండెనో ఈ చిన్న సంఘటన చూపును.

గ్యాంట్సే మీదుగా 1866 జనవరి 10వ తేదీన లాసా నగరమును ప్రవేశించెను. ఏప్రిల్ 21వ తేదీవరకు అచ్చటనే నివసించెను. చేతిలోని ధనము వ్యయమైపోగా నేపాళీ వర్తకులకు మనదేశపు పద్దులలెక్క బోధించి కడుపు నింపుకొనెను. బడిపంతులుతనము పరదేశమున కూడ అక్కరకు వచ్చెను. సూర్యనక్షత్రముల ఉన్నతులను మరల మరల కొలిచి లాసా అక్షాంశమును 29 డిగ్రీల 39 నిమిషములుగా తేల్చుటకు ఆధారములు సేకరించెను. ఆధునికపు కొలత దీనితో ఏకీభవించుచున్నది. అక్షాంశమున ఒక నిమిషపు పొరపాటు భూమిపై మైలునకు పైగా తేడా తెచ్చునను సంగతి తలచినప్పుడు దీని విలువ తెలియును. నీరు మరిగించి కట్టిన ఎత్తు మాత్రము వాస్తవమునకు కొన్ని వందల అడుగులు తక్కువ వచ్చెను. ఆ పద్ధతికి అంతకు మించిన సూక్ష్మత లేదు.

ఆ మాసములలో అపాయము పలుమారులు చేరువకు వచ్చెను. ఇద్దరు కాశ్మీరీ మహమ్మదీయ వర్తకులు ఇతని వేషమును గ్రహించిరి. నైన్‌సింగ్ దాచుటకు ప్రయత్నింపక నిజము చెప్పెను. వారు ఆ రహస్యమును బయలుపెట్టకపోవుటయే గాక, గడియారమును తాకట్టుగా గైకొని సొమ్ము కూడ నిచ్చిరి. అనుమతి లేక నగరమునకు వచ్చి కలహము రేపిన ఒక చైనీయునికి బహిరంగముగా శిరచ్ఛేదము జరుగుట అతడు కన్నులార చూచెను. మరియొకనాడు వీథిలో కిరోంగ్ అధికారి కనబడెను. నాటినుండి నివాసము మార్చి, బయటికి వచ్చుట తగ్గించుకొనెను.

తిరుగుప్రయాణమున లడఖీ బిడారుతోనే త్సాంగ్‌పో వెంట పడమరకు నడచి జూన్ 17వ తేదీన మానససరోవరప్రాంతమును చేరెను. అప్పులు తీరనందున సేవకుని పూచీగా నుంచి తాను కనుమ దాటి స్వదేశమున అడుగుపెట్టెను. ఆ సేవకుడు తరువాత విడిపింపబడెను. అక్టోబరు 27వ తేదీన దెహరాదూన్ చేరి వ్రాతలన్నియు మాంట్‌గొమెరీకి సమర్పించెను. 1,200 మైళ్ల మార్గము, సుమారు ఇరువదియైదు లక్షల అంగలు, 31 చోట్ల అక్షాంశములు, 33 చోట్ల ఎత్తులు.

ఈ మార్గపటము యొక్క గుణదోషములను కొంత విచారింపవలెను. అక్షాంశములు ఉత్తరదక్షిణములలోని దోషమును మాత్రమే సవరింపగలవు. త్సాంగ్‌పో లోయ తూర్పుపడమరలుగా సాగును. ఆ దిక్కున స్థానమును తెలియుటకు రేఖాంశము కావలెను. దానికి కదలికకు చెడని కాలమానయంత్రమో, అంతకంటె దుష్కరమగు చంద్రగణితమో కావలెను. ఈ రెండును అతనికి లేవు. కాబట్టి తూర్పుపడమరల దూరమంతయు మాలపూసలపైననే నిలిచినది. మార్గములో ఉత్తరదక్షిణముగా పోయిన భాగములందు అక్షాంశభేదముతో అంగల దూరమును పోల్చి అంగ నిడివి సరియేనని నిశ్చయింపవచ్చును. ఆ అంగనే తక్కిన దారికి అన్వయింపవలెను. అనగా పటము యొక్క ప్రామాణ్యము ఒక మనుష్యుని నిలుకడకు ప్రామాణ్యము. మానససరోవరమునకు స్ట్రేచీ సోదరులు 1846, 1848 సంవత్సరములలో పోయియుండుటచే ఆ కొస కొంతవరకు తెలిసినదే. లాసా కొస అంతరిక్షమున వ్రేలాడుచుండెను.

ఆ మరుసటి సంవత్సరము 1867లో నైన్‌సింగ్ మణిసింగునితోను, సోదరుడు కల్యాణ్‌సింగునితోను బదరీనాథమునుండి మానా కనుమ మీదుగా టిబెట్టు పశ్చిమభాగమునకు పోయి, పదునారువేల అడుగులకు పైనున్న థోక్ జాలుంగ్ బంగరుగనులను చూచెను. గాలి వేగమునకు ఓర్వలేక గనివారు గుంటలు త్రవ్వి వానిలో గుడారములు వేసికొని, మోకాళ్లు మోచేతులు నేలమోపి తల వంచుకొని నిద్రించుటను అతడు వర్ణించెను. శతద్రు, సింధునదుల ఎగువభాగములు కూడ ఆ యాత్రలో కొలువబడినవి.

మూడవ యాత్ర అన్నిటికంటె దీర్ఘమైనది. ఫోర్సిత్ యార్కందు రాయబారమునందు 1873లో పాల్గొని వచ్చిన పిదప, కెప్టెన్ ట్రాటర్ ఆదేశముపై 1874 జూలై 15వ తేదీన లేహ్ నగరము విడిచెను. ఈమారు లామావేషము. సామగ్రి మోయుటకు ఇరువదియారు గొఱ్ఱెలు. పాంగాంగ్ సరస్సునుండి తూర్పునకు, త్సాంగ్‌పోకు ఎంతయో ఉత్తరముగా, వరుసగా సరస్సులు నిండిన పీఠభూమిపై నెలలు నడచెను. అచ్చట ఊళ్లు లేవు. గుర్తింపదగిన దారి కూడ పెక్కుచోట్ల లేదు. దిక్సూచి సూది చూపిన దిక్కు, దూరపు హిమశిఖరము, మాలపూస, ఇవియే దారి. లాసా చేరునప్పటికి గొఱ్ఱెలు నాలుగైదు మిగిలెను.

నవంబరు 18వ తేదీన లాసా ప్రవేశించినవాడు రెండు దినములలోనే బయలుదేరవలసి వచ్చెను. లేహ్‌లో ఇతని నెరిగిన వర్తకుడొకడు నగరమునందే యుండెను. నైన్‌సింగ్ అప్పటివరకు చేసిన గణనలన్నిటిని ఇద్దరు అనుచరులచే లేహ్‌కు పంపివేసెను. తాను పట్టుబడినను లెక్క దక్కవలెనని అతని భావము. పిమ్మట ఉత్తరమున నొక మఠమునకు పోవుచున్నట్లు నటించి కొంతదూరము పోయి, చీకటిపడగానే దక్షిణమునకు మరలెను. త్సేతాంగ్ వద్ద త్సాంగ్‌పోను దాటి, అది తూర్పునకు సాగు గతిని చూచి గుర్తించుకొని, డిసెంబరు 24వ తేదీన తవాంగ్ చేరెను. అచ్చటి అధికారులు ఫిబ్రవరి 17వరకు నిలిపివేసిరి. 1875 మార్చి 1వ తేదీన అస్సాములోని ఉదల్‌గురి యందు స్వదేశమును చూచెను. లేహ్‌నుండి అచ్చటికి 1,405 మైళ్లు; అందు 1,200 మైళ్లు అంతవరకు ఎవరును కొలువనివి. అక్షాంశార్థము 276 పరిశీలనలు, ఎత్తులకై 497 పరిశీలనలు చేసియుండెను. త్సాంగ్‌పోయే బ్రహ్మపుత్రయగునను వాదమునకు ఈ యాత్ర బలము చేకూర్చెను. తరువాత 1880లో బయలుదేరిన కింథుప్ అను సిక్కిం వాసి ఆ నదిని ఇంకను దిగువకు వెంబడించెను.

దేశములు దాటి గౌరవములు వచ్చినవి. లండను రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు 1868లో బంగరు గడియారమును, 1877లో పేట్రన్ స్వర్ణపతకమును ఒసగిరి. ఆ స్వర్ణపతకము నందిన మొదటి భారతీయుడు ఇతడే. పారిస్ భౌగోళికసంఘమువారును ఒక గడియారము నిచ్చిరి. ప్రభుత్వము సి.ఐ.ఇ. బిరుదమును, రోహిల్‌ఖండమున ఒక గ్రామమును జాగీరుగా నిచ్చెను. మంచు, చలి, నక్షత్రవీక్షణము కలిసి చూపును, ఆరోగ్యమును హరించుటచే తిరిగి యాత్రలకు పోక, కొత్తగా వచ్చు పండితులకు శిక్షణ నిచ్చుచు కాలము గడపెను. 1882లో మరణించెను.

ఇతని చరిత్రను వ్రాసినవారు రెండు తీరులుగా చెప్పుచుందురు. కొందరు వీరుడందురు, కొందరు సామ్రాజ్యమునకు సేవచేసిన గూఢచారియందురు. రెండును అర్ధసత్యములు. వ్రాసియిచ్చిన మాటను తప్పెననుట నిజము. ఆతిథ్యమిచ్చినవారి యెదుట వేషముతో నుండెననుట నిజము. ఇతర మతస్థుల పవిత్రచిహ్నములను కొలతకు సాధనములు చేసెననుట నిజము. ఆ పటము సొంతదారుడు అతడు కాడు. సర్వేవారు పండితులకు కోణములు గ్రహించుట నేర్పిరి గాని వానినుండి అక్షాంశములను రాబట్టు గణితమును బుద్ధిపూర్వకముగా నేర్పలేదు. నేర్చినచో గదిలో కూర్చుండి లెక్కలు కల్పింతురను శంక. రెండువేల అంగలను మైలుగా నిలిపిన మనుష్యుని నిజాయితీపై ఆ శాఖ మొత్తము ఆధారపడెను; అయినను అతనిని విశ్వసింపలేదు. అతని పేరు కూడ కొలువున నున్నన్నినాళ్లు ప్రకటితము కాలేదు. పండితుడను మాటయే పేరయ్యెను. 1904లో యంగ్‌హస్బండ్ సైన్యముతో లాసా ప్రవేశించునప్పటికి ఆ నగరస్థానము పటముపై నిర్ణీతమై ముప్పది యెనిమిది సంవత్సరములైనది.

నేర్పని ఆ విద్యను గూర్చియే నైన్‌సింగ్ హిందీలో అక్షాంశ దర్పణ్ అను గ్రంథమును రచించెను. అక్షాంశసాధనమును దేశభాషలో బోధింపబూనిన తొలి పుస్తకములలో అది చేరును. సంస్కృతపదములతో ఆధునికఖగోళమును చెప్పుటకు బడిపంతులు చేసిన ప్రయత్నముగా పరిభాషానిర్మాణమును పరిశీలించువారికి అది విలువైనది. యాత్రలకు లభించిన పరిశీలనలో శతాంశమైనను దానికి లభింపలేదు. 2004 జూన్‌లో భారత తపాలాశాఖవారు నైన్‌సింగ్ స్మృత్యర్థము ఒక తపాలాబిళ్లను వెలువరించిరి.